కథలో పెదనాన్నకి శిక్ష వేయాలా?

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది కోనసీమలో అల్లవరం వైపు, సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లె. నేను కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నకీ పెదనాన్నకీ పొలాలు పక్కపక్కనే. పదేళ్ళ క్రితం పెదనాన్న తన వాటా వరిచేను రొయ్యల చెరువు చేశాడు. రెండేళ్ళు తిరక్కుండానే మా చేలోకి ఉప్పు ఊట దిగి తొలి పంట సార్వా నారు ఎర్రబడిపోయింది. రెండో పంట దాళ్వా ఊసే లేదు. నాన్న పెద్దమనుషుల్లో పెట్టాడు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు. లాభం లేక చివరికి మా పొలం కూడా చెరువుకే లీజుకిచ్చేశాం. మూడేళ్ళ క్రితం నాన్న చనిపోయాడు.

ఇదంతా కథగా రాశాను. పెదనాన్న పేరులో ఒక్క అక్షరం మార్చాను. చివర్లో ఆయన చెరువుకి తెల్లమచ్చ రోగం వచ్చి మొత్తం పోయి, నాన్న ఫొటో ముందు కూలబడి ఏడుస్తాడు. పత్రికలకి పంపితే వేసుకోలేదు. స్నేహితుడు చదివి ‘పోలీసు కంప్లైంటులా ఉందిరా’ అన్నాడు. అమ్మకి వినిపిస్తే మధ్యలో లేచి వెళ్ళిపోయింది. రాసిందంతా నిజం. నిజం రాస్తే తప్పా? ఆయన్ని మంచివాడిగా చూపిస్తేనే కథ అవుతుందా?

ఇంకో మాట. చెరువు తవ్వేముందు ‘నాకు అభ్యంతరం లేదు’ అనే కాయితం మీద నాన్న సంతకం పెట్టాడట, అన్నయ్య అడిగాడని. నాన్న పెద్దకర్మ రోజున పెదనాన్న వచ్చి, వీధరుగు మీద కాసేపు కూర్చుని, భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. ఈ రెండూ కథలో పెట్టలేదు. పెడితే చదివేవాళ్ళకి ఆయన మీద జాలి కలుగుతుందని. కలం పేరుతో పంపితే ఇబ్బంది ఉండదా?

– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: మీ ఉత్తరమూ చదివాను, దానితో పంపిన కథా చదివాను. ఉన్నమాట చెప్పాలంటే రెండింటిలో ఉత్తరమే బాగుంది. కథలో లేనివి రెండు ఉత్తరంలో ఉన్నాయి. అవి కూడా ‘ఇంకో మాట’ అంటూ చివర్లో, వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి చెప్పారు. ఆ సంతకం, ఆ వీధరుగు. వాటి దగ్గరికి వస్తాను.

ముందు మీ కోపం సంగతి. దాన్ని తగ్గించుకోమని నేను చెప్పను. చౌడు బారిన నేలని మళ్ళీ వరి నేల చేయాలంటే మంచినీళ్ళు పెట్టి కడగాలి, కడిగిన నీళ్ళు పోవడానికి మురుగు దారి ఉండాలి. చుట్టూ చెరువులైన చోట ఆ దారే ఉండదు. పక్క చేను ఏమైతే నాకేంటి అనుకుని చెరువు తవ్వడం తప్పే. మీరు కథ బాగా రాసినంత మాత్రాన అది ఒప్పు కాదు. ఆయన్ని క్షమించమని కూడా అనను, అది మీ ఇంటి విషయం. నాకు పనిబడింది కాగితం మీద ఉన్న పెదనాన్నతో. ఆయనలో కదలిక లేదు.

మీ కథలో ఆయన మొదటిసారి కనిపించగానే ‘కుటిలంగా’ నవ్వుతాడు. రెండో పేజీలో ‘రాక్షసానందం’. నాలుగో పేజీలో మీసం మెలేసి మళ్ళీ నవ్వుతాడు. ఇన్ని నవ్వులు నవ్వే మనిషి ఏం తింటాడో, ఎన్నింటికి లేస్తాడో, ఎవరికి బాకీ ఉన్నాడో మాత్రం ఎక్కడా లేదు. అసలు రొయ్యల చెరువు చేసే మనిషికి అంత నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది? రాత్రి కరెంటు పోతే నీళ్ళకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోతాయి. జనరేటరు వెంటనే అందుకోకపోతే తెల్లారేసరికి రొయ్యలు ఆక్సిజన్ అందక పైకి తేలతాయి. అందుకని గట్టు మీద షెడ్డులోనే పడక. నిద్రలో కూడా చెవి మోటారు చప్పుడు మీదే. చెక్ ట్రేలు లేపి, టార్చి వేసి, మేత తిన్నాయో మిగిల్చాయో చూసుకోవడం. మిగిలిస్తే టెన్షన్, పూర్తిగా తినేసినా ఇంకా వేయాలా అని టెన్షన్. పట్టుబడి రోజున కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంత వస్తుందో, బయ్యరు రేటు ఎంత కోస్తాడో అని ఇంకో గుబులు. మీరు ఆ చెరువు పక్కనే పెరిగారు. ఇదంతా నాకంటే మీకే బాగా తెలుసు. తెలిసీ రాయలేదు. రాస్తే ఆయన మనిషైపోతాడని భయపడ్డారు.

ఆయన చెరువు ఎందుకు తవ్వాడన్నదానికి మీ కథ ఇచ్చిన జవాబు ఒక్క మాట: దురాశ. ఉండొచ్చు. కానీ కథ 2015 ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి, దానికి నాలుగేళ్ళ వెనక్కి వెళ్ళి చూడండి. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని ప్రకటించి సార్వా వేయకుండా పొలాలు ఖాళీగా వదిలేశారు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 1,080 రూపాయలు. కళ్ళం దగ్గర ఆ ధరైనా చేతికొస్తుందన్న నమ్మకం లేదు. కూలి పెరిగింది, ఎరువుల ధర పెరిగింది, మురుగు కాలువలు పూడిపోయి నాలుగు వానలు పడితే చేలల్లో నీళ్ళు దిగేవి కావు. ఇంకోపక్క 2009లో వనామీ రకం రొయ్యల సాగుకి కేంద్రం అనుమతిచ్చింది. టైగర్ రొయ్యతో తెల్లమచ్చ దెబ్బ తిని మానుకున్నవాళ్ళు కూడా మళ్ళీ చెరువుల వైపు చూడటం మొదలుపెట్టారు. మీ నాన్న, పెదనాన్న ఇద్దరూ ఆ సార్వాలో ఆ ఊళ్ళోనే ఉన్నారు. నాట్లు లేని చేల మధ్య గట్టు మీద ఇద్దరన్నదమ్ములూ సాయంత్రం కూర్చుని ఏం మాట్లాడుకుని ఉంటారు? ఒకాయన ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అని ఉంటాడు. ఇంకొకాయన ఏమీ అనకుండా పక్క ఊరి చెరువుల మీద లైట్లు చూస్తూ ఉండి ఉంటాడు. మీ కథ అక్కడ మొదలైతే, దురాశ అనే మాట మీరు రాయాల్సిన పని లేదు. చదివేవాడు అది దురాశో, దిక్కుతోచక చేసిన పనో తేల్చుకోలేక ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బంది చాలా విలువైంది.

ఉప్పు విషయంలోనూ అంతే. మీ చేలోకి ఉప్పు చెరువు ఊట నుంచే వచ్చిందని మీరంటే నమ్ముతాను. కానీ రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) పక్క ఊళ్ళు చూడండి. సముద్రపు పోటు నీరు డ్రెయిన్లోంచి ఎదురెక్కి, కొబ్బరి చెట్లు తలలు రాలి మోడులైపోయాయి. అక్కడ వేలు పెట్టి చూపించడానికి ఒక్క మనిషి దొరకడు. మీ కథలో పెద్దమనుషుల ముందు పెదనాన్న నోరు మూసుకుని కుటిలంగా నవ్వుతూ ఉంటాడు. నిజంగా అయితే ఊరుకుంటాడా? ‘నా చెరువొక్కటే కనిపించిందా? డ్రెయిన్లో పూడిక తీసి ఎన్నేళ్ళయిందో ముందు ఆళ్ళని అడుగు’ అంటాడు. తీరం వెంట ఏ చెరువు రైతుని కదిపినా వచ్చే మాట ఇదే. అందులో సగం నిజం ఉంది, సగం తప్పించుకోవడం ఉంది. అలాంటి మాట ఆయన నోట్లో ఒక్కటి పెట్టండి. మీ నాన్న దానికి జవాబు చెప్పలేక తడుముకోవాలి. అక్కడ నా గుండె మీ నాన్న వైపు లాగుతుంది. ఎదుటివాడు దద్దమ్మలా నిలబడితే లాగదు.

మన వైపు పాత కథ ఒకటి గుర్తు చేస్తాను. వాచకంలో ‘భిక్ష’ పాఠం చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది, శ్రీనాథుడి కాశీఖండంలోది. వ్యాసుడు శిష్యుల్ని వెంటబెట్టుకుని కాశీలో భిక్షకి తిరుగుతాడు. ఎవరూ పెట్టరు. ఆకలి, అవమానం, ఒళ్ళు తెలియని కోపం. మూడు తరాల పాటు ఈ ఊరివాళ్ళకి చదువూ డబ్బూ మోక్షమూ లేకుండా పోవాలని శపించబోతాడు. శివుడికి కోపం వచ్చి కాశీలోంచి వెళ్ళిపొమ్మంటాడు. అక్కణ్ణుంచి వ్యాసుడు వచ్చింది మన ద్రాక్షారామానికేనని భీమేశ్వర పురాణం. (అలిగి గోదావరి డెల్టాకి వచ్చిన మొదటి రచయిత ఆయనే కావచ్చు. ఆ తర్వాత ఇక్కడ అలిగిన రచయితలకి లోటు రాలేదు.)

అందులో నాకు నచ్చేది శాపం కాదు, దానికి ముందున్న పద్యం. ‘ఎవరూ భిక్ష పెట్టలేదు’ అని శ్రీనాథుడు ఒక్క ముక్కలో తేల్చేయడు. ఒకావిడ ఇంకా వంట అవుతోందంటుంది. ఒకావిడ మళ్ళీ రమ్మంటుంది. ఇంకొకావిడ ఇవాళ ఇంట్లో దేవకార్యం అంటుంది. ఒకావిడ అసలు తలుపే తీయదు. నాలుగు గుమ్మాలు, నాలుగు రకాల ‘లేదు’. కోపంలో ఉన్న వ్యాసుడికి అన్నీ ఒకటే, అందరూ పెట్టనివాళ్ళే. రాసే శ్రీనాథుడికి మాత్రం ఏ గుమ్మానికి ఆ గుమ్మమే. పైగా ఇదంతా శివుడు పెట్టిన పరీక్ష అని మనకి తెలుసు, వ్యాసుడికి తెలియదు. అందుకే ఆయన ఆకలికి అయ్యో అనుకుంటాం, కోపానికి భయపడతాం, కాస్త నవ్వుకుంటాం కూడా.

మీ నాన్న తిరుగుడంతా మీ కథలో ఒకే వాక్యం: ‘ఎక్కడికి వెళ్ళినా న్యాయం జరగలేదు.’ దాన్ని విప్పండి. ఒక ఆఫీసులో సారు మీటింగులో ఉంటాడు. ఒకచోట అర్జీ తీసుకుంటారు, తీసుకున్నట్టు రసీదు మాత్రం ఇవ్వరు. ఒకచోట ‘అన్నదమ్ముల గొడవ మాకెందుకండీ, ఇంట్లో కూర్చుని తేల్చుకోండి’ అంటారు. ఇంకోచోట కుర్చీ వేసి, టీ తెప్పించి, మర్యాదగా మాట్లాడి పంపించేస్తారు. మీ నాన్నకి ఎక్కువ కష్టం అనిపించింది ఏదో మీకు తెలిసే ఉంటుంది. నాకైతే ఆ టీ అనిపిస్తోంది.

ఇప్పుడు ముగింపు. నొచ్చుకోకండి, కథ మొత్తంలో బలహీనమైన చోటు అదే. మీరు ఎంత ఇష్టంగా రాశారో అక్షరం అక్షరంలో తెలుస్తోంది. పన్నెండు పేజీలు ఆయన్ని నవ్వించి, పదమూడో పేజీలో తెల్లమచ్చ తెచ్చి చెరువులో వేశారు. ఆ వైరస్ రొయ్యపిల్లల సీడ్‌తో రాలేదు, నీళ్ళతో రాలేదు, పీతలతో రాలేదు. మీ జేబులోంచి వచ్చింది. పాఠకుడు అది కనిపెట్టేస్తాడు, కనిపెట్టిన క్షణం నుంచి ఆ ఏడుపు ఆయన ఏడుపు కాదు, మీరు ఏడిపించిన ఏడుపు.

తెల్లమచ్చ కావాలంటే ఉంచుకోండి, కానీ దానికో దారి ఉండాలి. మీ పెదనాన్న చెరువులోకి నీళ్ళు ఎక్కడివి? ఏ కాలవలోంచి తోడుతున్నాడు? అదే కాలవలోకి ఎగువన ఇంకో చెరువాయన తన చచ్చిన పంట నీళ్ళు వదిలేసి ఉంటే? రోగం పడ్డ చెరువు నీళ్ళు శుద్ధి చేయకుండా వదలకూడదని అందరికీ తెలుసు, అర్ధరాత్రి తూము తీసేవాళ్ళు తీస్తూనే ఉంటారు. అప్పుడు ఏమవుతుందో చూడండి. మీ పొలానికి పెదనాన్న ఏం చేశాడో, పెదనాన్న చెరువుకి పైనున్నాయన అదే చేశాడు. ఈయన అర్జీ పట్టుకుని అదే ఆఫీసుకి వెళ్తాడు. అదే గుమాస్తా, అదే మాట. తమ్ముడు కూర్చున్న బల్ల మీదే కూర్చుని ఉంటాడు, ఆ సంగతి ఆయనకి తెలియకపోవచ్చు. ఫొటో ముందు కూలబడక్కర్లేదు. ఇది మీరే రాయాలని కాదు, ఒక దారి చూపించాను. శిక్షే ఉన్నా ఆ నీటిలోంచి రావాలి, మీ కసిలోంచి కాదు.

ఇక మీరు దాచిన రెండింటి సంగతి.

సంతకం. దాన్ని మీరు ఎందుకు తీసేశారో అర్థమవుతోంది. అది ఉంటే మీ నాన్న కేసు బలహీనపడుతుంది. మీ స్నేహితుడు కంప్లైంటులా ఉందన్నది ఇందుకే. ఫిర్యాదులో మనకి అడ్డొచ్చే కాయితం మనం జతచేయం. నిజంగానే అర్జీ పెట్టాలనుంటే విడిగా రాసి, సోమవారం పొద్దున అమలాపురం కలెక్టరేట్‌లో ఇవ్వండి. అక్కడ ‘రాక్షసానందం’ పనికిరాదు, సర్వే నంబరు కావాలి. కథకి మాత్రం ఆ సంతకమే ప్రాణం. ‘పెట్టాడట’ అన్నారంటే ఆ రోజు ఏం జరిగిందో మీరు చూడలేదన్నమాట, అదే మంచిది, ఊహించవచ్చు.

‘తమ్ముడూ, ఇక్కడో సంతకం పెట్టరా.’

‘ఏంటన్నయ్యా అది?’

‘ఏముంది, మామూలు కాయితమే. టీ చల్లారిపోతోంది, తాగు ముందు.’

ఇలాగే జరిగి ఉంటుందని అనను. మీ ఇంటి మాటలు మీకు తెలుసు, నాకు తెలియవు. కానీ అడగండి: కాయితం చదివాడా, చదవకుండానే పెట్టాడా? చదివే పెడితే ఏమనుకుని పెట్టాడు? అన్నయ్య మాట కాదనడం ఆ ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా? మీ అమ్మ ఆ పూట ఎక్కడుంది, వంటింట్లోంచి వింటోందా?

ఆ సంతకం కథలోకి రాగానే మిగతా పేజీలు ఎలా మారిపోతాయో చూడండి. మీ నాన్న ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఇప్పుడు ఆయన చేతిలో అర్జీ ఉంది, ఆఫీసు బీరువాలో ఎక్కడో ఆయన సంతకమే ఉంది. ఏ గుమాస్తా ఫైలు కట్ట విప్పినా ఆయన గొంతు తడారిపోతుంది. న్యాయం కావాలనీ ఉంది, ఫైలు తెరవకూడదనీ ఉంది. ఇంటికొచ్చి ఈ మాట భార్యకి చెప్పలేడు, కొడుకుకి అసలే చెప్పలేడు. అంతకుముందు మీ కథలో ఆయన మచ్చలేని దేవుడు. పటంలో ఉన్న దేవుడికి నేను దండం పెట్టి పక్కకి వెళ్ళిపోతాను. ఈ భయపడే మనిషి దగ్గర మాత్రం ఆగిపోతాను. సంతకం పెదనాన్న తప్పుని చిన్నది చేస్తుందేమో అని మీరు భయపడ్డారు. నాకు అది ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది. తమ్ముడు నమ్మి పెట్టిన సంతకం ఆ తమ్ముడి నోరే కట్టేసింది.

అరుగు. పెద్దకర్మకి ఆయన వచ్చాడు. సొంత అన్న, మైల పట్టిన దాయాది, వరసకి ఆ ఇంటికి పెద్ద. లోపల నిలబడి భోజనాల బంతులు చూసుకోవాల్సిన మనిషి బయట అరుగు మీద, ఊళ్ళోవాళ్ళు వచ్చి పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. తినకుండా లేచి వెళ్ళిపోయాడు. మన వైపు ఆ రోజు తినకుండా వెళ్ళడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? ఒక్క విషయం అడుగుతాను, నాకు జవాబు రాయక్కర్లేదు. ఆయన్ని లోపలికి రమ్మని ఎవరైనా పిలిచారా? ఉత్తరంలో ఆ మాట లేదు. పిలిస్తే రాలేదా, పిలవలేదు కాబట్టి రాలేదా? రెండూ వేర్వేరు కథలు. మొదటిదాంట్లో ఆయన గర్వం ఉంది, లేదా సిగ్గు ఉంది. రెండోదాంట్లో మీరున్నారు.

జాలి కలిగితే కలగనివ్వండి. ఉప్పు దిగిన చేను పాఠకుడి కళ్ళముందే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఆ చేను పాడుచేసిన మనిషి విస్తరి ముందు కూర్చోలేకపోయాడని తెలిస్తే పాఠకుడికి రెండూ కలిసి గుచ్చుకుంటాయి. ఒక్కటే అయితే రెండు రోజుల్లో మర్చిపోతాడు.

‘మంచివాడిగా చూపిస్తేనే కథ అవుతుందా’ అని అడిగారు. అక్కర్లేదు. ఆయన చివరిదాకా మొండిగానే ఉండొచ్చు, క్షమాపణ అడక్కపోవచ్చు, వచ్చే పంటకి ఇంకో రెండెకరాలు తవ్వొచ్చు. ఆయన చేసిందానికి ఆయన దగ్గర ఒక లెక్క ఉండాలి, అంతే. మనుషులెవరూ తమని తాము దుర్మార్గుడు అనుకుని పొద్దున్నే నిద్ర లేవరు. ఒక పని చేయండి. షెడ్డులో ఒక రాత్రి, కరెంటు పోయింది, జనరేటరు మొరాయిస్తోంది. ఆ గంట ఆయన తలలో నడిచేది ‘నేను’ అని ఆయన గొంతుతో రాయండి. అచ్చుకి కాదు, ఎవరికీ చూపించకండి. తమ్ముడి చేను ఆయనకి గుర్తొస్తుందా? వస్తే ఏమని సర్దిచెప్పుకుంటాడు? ‘వాడికి చెప్పాను, వాడూ చెరువు చేసుకోమని, వింటేగా’ అనుకుంటాడేమో. అది రాస్తున్నప్పుడు మీ చెయ్యి వణికితే దారిలో ఉన్నట్టే. ఆ పేజీ చింపేసినా, అందులోంచి ఒకటో రెండో వాక్యాలు అసలు కథలోకి వాటంతట అవే వస్తాయి.

కోపం వదులుకోలేకపోతే దానికీ దారి ఉంది. కథ చెప్పే కొడుకునే కోపిష్ఠిగా ఉంచండి, కానీ ఆ కొడుకు మీరు కాదని గుర్తుంచుకోండి. వాడికి కనిపించని ఒక్కటైనా పాఠకుడికి కనిపించాలి. ‘సిగ్గు లేకుండా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు’ అని వాడు అంటాడు. అదే పేరాలో వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు అందిస్తూ ఆ ఒక్క మనిషిని దాటేసి వెళ్తాడు. వాడు దాని గురించి ఏమీ అనడు. మీరూ అనకండి. కాశీలో శివుడి పరీక్ష మనకి తెలిసి వ్యాసుడికి తెలియనట్టే ఇదీను.

అమ్మ లేచి వెళ్ళిపోయిన చోటు ఏదో గుర్తుందా? అక్కడ గీత పెట్టుకోండి. ఆవిడ ఎందుకు లేచిందో అడగొద్దు, అడిగితే ‘పొయ్యి మీద ఏదో ఉందిరా’ అంటుంది. మీ కథలో ఆవిడ మూడు చోట్ల ఏడుస్తుంది, ఒక్కచోటా నోరు విప్పదు. పెద్దమ్మ సంగతైతే ఊసే లేదు. తోడికోడళ్ళిద్దరూ పక్కపక్క ఇళ్ళలో అన్నేళ్ళు కాపురం చేశారు. ఆ ఇంటి కూర గిన్నె ఈ ఇంటికి రావడం ఏ రోజున ఆగిపోయింది? ఎవరు ముందు ఆపారు? చివరిసారి వచ్చిన గిన్నె తిరిగి ఇచ్చారా, ఇంకా మీ గూట్లోనే ఉందా? పెద్దమనుషుల ముందు మగవాళ్ళ పంచాయితీ సీను మీకు మూడు పేజీలు పట్టింది. దాన్ని అరపేజీ చేసి, మిగిలిన చోటు ఆ గిన్నెకి ఇవ్వండి.

కలం పేరు సంగతి. మీ పేరు మార్చుకుంటే మీరు దాక్కుంటారు, ఆయన దాక్కోడు. పేరులో ఒక్క అక్షరం మార్చి, అదే ఊరు, అదే బండి, కణత మీద అదే మచ్చ ఉంచితే మీ ఊళ్ళో టీకొట్టు దగ్గర మొదటి పేజీకే గుర్తుపట్టేస్తారు. చట్టం చూసేది కూడా అదే, మనిషి గుర్తుపట్టేలా ఉన్నాడా లేదా అని. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు సాధారణ జైలు శిక్షో, జరిమానానో, రెండూనో పడొచ్చు, లేదంటే సమాజ సేవ చేయమనొచ్చు. అచ్చుకి ఇచ్చేముందు తెలిసిన లాయరుకి ఒకసారి చూపించండి. కేసు భయం లేకపోయినా ఆయన్ని మార్చమనే అంటాను. అన్నదమ్ముల్ని బావాబావమరుదుల్ని చేసి చూడండి, ఊరిని నరసాపురం వైపుకి జరిపి చూడండి, మీసం తీసేయండి. అసలు మనిషి పక్కకి తప్పుకుంటే మీ చెయ్యి కాస్త తేలికవుతుంది. జరగనిదాన్ని ఊహించే ధైర్యం వస్తుంది. ‘రాసిందంతా నిజం’ అనే మాట ఇన్నాళ్ళూ మిమ్మల్ని కట్టిపడేసింది. జరిగింది కాబట్టి ఉంచిన సీన్లు మీ కథలో బోలెడున్నాయి. పెద్దమనుషుల దగ్గర వరసగా ఎవరెవరు మాట్లాడారో మొత్తం ఉంది, ఎందుకుందో తెలియదు.

తిరగరాశాక వెంటనే పంపకండి. ఈ దాళ్వా కోతలయ్యేదాకా పక్కన పెట్టి, అప్పుడు తీసి చదవండి. పెదనాన్న మాట్లాడినచోట మీకే ‘అవును, ఇదీ నిజమే కదా’ అనిపించి చిరాకేస్తే అప్పుడు పంపండి. అమ్మకి మళ్ళీ వినిపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. వినిపిస్తే గిన్నె ఉన్న పేజీ ముందు వినిపించండి.

చివరగా చిన్న సవరణ. గట్టు మీద అన్నదమ్ములు కొట్టుకునే సీను మే నెలలో పెట్టి, వెనకాల పంటకాలువ పరవళ్ళు తొక్కుతోందని రాశారు. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తే మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లోనే కదండీ. మే నెలలో ఆ కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. అలా మార్చండి. కొట్లాట ఆగి, బంతి వచ్చి ఇద్దరి మధ్యా పడితే ఎవరు తీసి విసురుతారో చూడాలని నాకు ఉంది.